ఎర్రమట్టి పట్టించిన బొబ్బర్లు

మా అమ్మ లెక్కలో లోకంలో బొబ్బర్లు రెండే రకాలు. ఒకటి మన బొబ్బర్లు, రెండోది బోరు బొబ్బర్లు. నిజానికి రెండూ మా పొలంలో పండేవే. ఒకే విత్తనం, ఒకే వానకు వేసేవాళ్ళం. కానీ నల్గొండ జిల్లాలో మా ఊరి ఎగువన, మబ్బు కరుణిస్తే తప్ప చుక్క నీరు దొరకని ఎర్ర చెల్కలో పండినవి మాత్రమే ఆమెకు మనవి. దాని దిగువన బోరు నీళ్ళు పారే మడిలో కాసినవి ఎవరివో. చెల్క గింజలు చిన్నగా, గట్టిగా, ముదురు ఎరుపులో ఉండేవి. బోరు గింజలు బొద్దుగా మెరుస్తూ ఉండేవి. ఇష్టమైనవాళ్ళు ఇంటికొస్తే అమ్మ చెల్కవి నానబోసి, ఉడికించి, ఉల్లిపాయ, పచ్చిమిర్చితో తాలింపు పెట్టి గుడాలు చేసేది. ఓట్లడగడానికి వచ్చినవాళ్ళకు మాత్రం బోరువి.

“బోరు బొబ్బర్లల్ల నీళ్ళే ఉంటయ్ బిడ్డా. చెల్కల పండినయే బలం” అనేది.

నేను అప్పుడు ఆహారం, పోషణ గురించి పెద్ద చదువు చదువుతున్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, మాట పడే రకం అసలు కాదు. ఒకరోజు తరగతిలో ఎవరో, వానపంట గింజలు ఉత్త పేదతిండి, వాటిలో ఏముంటుంది అన్నారు. ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. పంతం పట్టి దాన్నే నా పరిశోధనగా పెట్టుకున్నాను. ఒకే విత్తనం వాన మీద ఆధారపడి పండితే గింజ లోపల ఏం మారుతుంది, కడుపునిండా నీళ్ళు తాగి పండితే ఏం మారుతుంది, మాంసకృత్తులెంత, ఇనుమెంత. ఇంతే ప్రశ్న. పైకి ప్రశ్న అన్నానే గానీ, మా అమ్మ మాటే నిజమని తేలాలని నాకు లోలోపల చాలా ఉండేది.

నాయిన సిటీ బస్సులో కండక్టర్. ఆ వానాకాలం నా కోసం రెండు చేలల్లోనూ బొబ్బర్లే వేయించాడు. అయితే ముందే చెప్పాడు, పై ఏడాది నుంచి బోరు మడిలో బత్తాయి తోట పెడుతున్నామని. మొక్కలకు మాట్లాడేశాడు కూడా. అందుకే ఆ ఒక్క పంటే నాకు దిక్కు. కోతలయ్యాక ఒక్కో చేను నుంచి ఒక్కో మూట హైదరాబాదు శివారు అల్మాస్‌గూడలో మా ఇంటికి చేరింది. ఆ రెండు మూటల్లో దేనికి ఏమైనా అయితే నా ప్రశ్నకు జవాబు ఇక దొరకదు. అమ్మకు ఆ సంగతి పదే పదే చెప్పాను. “నా పాణం బెట్టి సూస్కుంట” అంది. ఆ మాట నిలబెట్టుకుంది కూడా. తిప్పలన్నీ అక్కడే వచ్చాయి.

మూటలు ఇంటికి చేరిన కొద్దిరోజులకే సమ్మె మొదలైంది. తెలంగాణ వచ్చేదాకా పని చేసేది లేదని ఆఫీసులు, బళ్ళు, బస్సులు అన్నీ ఆగిపోయాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎప్పుడూ కిక్కిరిసి ఉండే కోచింగ్ సెంటర్ల మెట్లు ఖాళీ అయ్యాయి. ఎల్బీనగర్ చౌరస్తా పక్కన శిబిరం వెలిసింది. రోజుకు కొందరు చొప్పున దండలు వేసుకుని నిరాహారదీక్షకు కూర్చునేవాళ్ళు. నాయిన తన ఖాకీ చొక్కా ఉతికి, ఇస్త్రీ చేసి, చిలక్కొయ్యకు తగిలించి పొద్దున్నే అక్కడికి వెళ్ళిపోయేవాడు. నేనేమో నగరానికి ఆ చివర ఉన్న కాలేజీ హాస్టల్లో ఇరుక్కుపోయాను. బస్సుల్లేవు. ఆటోవాళ్ళు అడిగిన కిరాయికి నా నెల ఖర్చంతా పోసినా సరిపోదు.

అందుకని గింజలు నాయినే తెచ్చాడు. రెండు మూటల్లోంచి రెండు పొట్లాలు కట్టి, స్కూటర్ డిక్కీలో పెట్టుకుని, ఊరేగింపులు తప్పించుకుంటూ నగరం దాటి వచ్చాడు. నేను వాటిని మా ల్యాబు అలవాటు ప్రకారం తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి, పొడి చేసి పరీక్షకిచ్చాను. పొలం దుమ్ము పోవడానికి అది చాలు. ఫలితాలు వచ్చిన రోజు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. చెల్క బొబ్బర్లలో ఇనుము బోరు వాటికి రెట్టింపు ఉంది. రెట్టింపు! ఇంత పెద్ద తేడా ఉంటుందని నేను కలలో కూడా అనుకోలేదు. నా గైడ్ మేడమ్‌కు చూపించే ముందే ఇంటికి ఫోన్ చేశాను.

“నాయినా, అమ్మ చెప్పిందే నిజం. మన చెల్కవాటిల్ల ఇనుము డబల్ ఉన్నది.”

“మల్లొక్కసారి చెప్పు బిడ్డా” అన్నాడు. చెప్పాను. ఆ సాయంత్రమే శిబిరంలో మైకు పట్టుకుని మా నాయిన, జీవితంలో టికెట్ టికెట్ అని తప్ప నలుగురిలో నోరెత్తని మనిషి, మన నేల బొబ్బర్లలో డబల్ ఐరన్ ఉన్నదని నా బిడ్డ మిషన్ల పెట్టి తేల్చింది అని చెప్పేశాడు. చప్పట్లు చాలాసేపు మోగాయట. మన నేల, మన నీళ్ళు అని ప్రతి నోటా వినబడే రోజులవి. ఆ మాట ఆ నోటా ఈ నోటా పడి బడంగ్‌పేట్ దాకా పోయింది.

మర్నాడు లెక్కలు తీసుకుని మేడమ్ గదిలోకి వెళ్ళాను. ఆమెది కృష్ణా జిల్లా. మెత్తగా మాట్లాడుతుంది, కానీ గుండుసూదిలాంటి మనిషి. కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. ఇనుము దగ్గర ఆగలేదు. కిందికి వెళ్ళి, నేను కన్నెత్తి చూడని ఒక అంకె మీద పెన్ను పెట్టింది.

“ఇనుము సంగతి తర్వాత చూద్దాం. ఈ అల్యూమినియం ఏమిటమ్మా?”

మా యంత్రం ఒకేసారి అన్ని లోహాలూ కొలిచి పడేస్తుంది. అడగనివి కూడా చెబుతుంది. చెల్క బొబ్బర్లలో అల్యూమినియం ఆకాశంలో ఉంది.

“నేలలోంచి వచ్చి ఉంటుంది మేడమ్.”

“నేలలోంచే వచ్చింది. వేళ్ళలోంచి మాత్రం రాలేదు. మట్టి నిండా అల్యూమినియమే, కానీ మొక్క దాన్ని గింజదాకా రానివ్వదు. గింజలో ఇంత కనబడిందంటే నువ్వు బొబ్బర్లతో పాటు మట్టి కూడా కొలిచావన్నమాట. ఎర్రమట్టికి ఆ రంగు ఇనుము వల్లే కదా. నీ డబల్ ఐరన్ అదేనేమో.”

“నేను తుడిచాను మేడమ్.”

“తుడిచావు. కాదనను. అయినా నేనిది నమ్మను.”

నాకు ఒళ్ళు మండిపోయింది. గది దాటగానే నాయినకు ఫోన్ చేసి అంతా కక్కేశాను. ఆయన సంగతి తేలిగ్గా తేల్చేశాడు. “ఆంధ్ర మేడమ్ గదా బిడ్డా. మన దాంట్ల ఎక్కువుందంటే ఆమెకెట్ల నచ్చుతది?” ఆ మాట వినడానికి నాకు హాయిగానే ఉంది. కానీ అల్యూమినియానికి ఆంధ్ర, తెలంగాణ తెలియవు కదా. అదొక్కటి గొంతులో ముల్లులా అడ్డం పడింది. మూటలోంచి నా చేత్తో నేనే గుప్పెడు తీసుకొచ్చి, ఆమె ముందే కడిగి, పరీక్ష చేసి చూపిస్తానని పంతం పట్టాను. నాయిన స్కూటర్ మీద వచ్చి నన్ను తీసుకెళ్ళాడు.

దారిలో ఎల్బీనగర్ శిబిరం దగ్గర ఆగాల్సి వచ్చింది. నాయిన దోస్తులు స్కూటర్‌కు అడ్డం నిలబడ్డారు. “డబల్ ఐరన్ బిడ్డ ఒచ్చింది” అని ఒకాయన మైకులో అనేశాడు. టీ ఇచ్చారు, కుర్చీ వేశారు. మీటింగులో మాట్లాడాలన్నారు. “జర పని ఉన్నది అన్నా, మల్లొస్త” అని తప్పించుకున్నాను. నాయిన ముఖం చూస్తే, ఆయన్ను డ్యూటీ బస్సు మీద నిలబెట్టి ఊరేగించినంత సంబరంగా ఉంది. లెక్క తప్పని తేలితే ఈ మనిషి రేపు ఇక్కడ తలెత్తుకుని ఎట్లా కూర్చుంటాడు అనిపించింది.

ఇంటికి రాగానే చెప్పులైనా విప్పకుండా అటక కింద ఉన్న చెల్క మూట విప్పి, చెయ్యి లోపలికి పెట్టి గుప్పెడు తీశాను. ఎండలో వచ్చిన చెయ్యి, చెమటగా ఉంది. గుప్పిట విప్పితే అరచేయంతా ఎర్రగా ఉంది.

కాసేపు ఏం అర్థం కాలేదు. తర్వాత అంతా ఒక్కసారే అర్థమైంది.

“అమ్మా” అని పిలిచాను.

అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నా అరచెయ్యి చూసి ముఖం వెలిగిపోయింది. “సూసినవా? పురుగు తగిలింది బిడ్డా నీ బొబ్బర్లకు. నువ్వు పరేషాన్ అయితవని చెప్పలే. ఎర్రమట్టి కలిపి, పట్టించి, ఎండబెట్టి, మల్ల రుద్ది, చెరిగి పెట్టిన. ఒక్క గింజ గూడ పోలే.”

మా ఊళ్ళో అందరూ చేసే పనే అది. కందులకైనా బొబ్బర్లకైనా ఎర్రమట్టి నీళ్ళలో కలిపి పూత పట్టిస్తారు, ఎండిపోతే పురుగు దగ్గరికి రాదు. గింజలే ఎర్రవి కాబట్టి ఆ పూత కంటికి ఆనదు. పొడి దుమ్మైతే నా తడిగుడ్డకు పోయేది. ఇది తడి చేసి ఎండబెట్టిన పూత, గింజ ముడతల్లోకి దిగి కూర్చుంది. మట్టి కూడా ఎక్కడిదో కాదు. మల్లె కుండీల కోసం మా చెల్క నుంచే సంచిలో తెచ్చుకున్నది. పక్క ప్లాటులో పునాదులకు తవ్విన మట్టి గుట్టగా పడి ఉన్నా ముట్టలేదట. అది పరాయి మట్టి అట.

“మరి బోరువాటికి?” అన్నాను.

“గాటికెందుకే?” అంది అమ్మ.

నేను మూట పక్కనే కూలబడ్డాను. ఏడుపొచ్చింది. ముందు ఏడ్చాను, తర్వాత అరిచాను, మళ్ళీ ఏడ్చాను. నా ఏడాది కష్టం, నాయిన పరువు, ఆ మైకు, ఆ చప్పట్లు, ఆ కుర్చీ, అన్నీ ఆ ఎర్ర అరచేతిలో కనబడ్డాయి. అమ్మ ఇష్టపడ్డ మూటకే మట్టి పట్టింది, ఇష్టం లేనిది శుభ్రంగా మిగిలింది. కావాలని మోసం చేసినా లెక్క ఇంత బాగా కుదిరేది కాదు. అమ్మకు ముందు అర్థం కాలేదు. “మన మట్టే గదా బిడ్డా” అని రెండుసార్లు అంది. నాయిన నెమ్మదిగా విడమరిచి చెప్పాక చీర కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నాయిన గోడకు తగిలించిన ఖాకీ చొక్కా వైపు చూస్తూ నిలబడ్డాడు. మేడమ్‌ను అన్న మాట గుర్తొచ్చిందనుకుంటా, మళ్ళీ ఎత్తలేదు.

చివరికి అమ్మే అడిగింది. “కడిగితే పోదా?”

మేడమ్‌కు ఫోన్ చేశాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. అటువైపు చిన్నగా నవ్వు వినబడింది. “మా అమ్మమ్మ కూడా కందులకు పట్టించేదమ్మా. నాకు అది తట్టనే లేదు చూడు” అంది. ఆ తర్వాత మళ్ళీ గుండుసూదైపోయింది. “మట్టి పైపైనే ఉంటుంది, పోతుంది. కానీ నీళ్ళలో నాననివ్వకు, నానితే లోపలివి కూడా దిగిపోతాయి. కుళాయి నీళ్ళు వద్దు, డిస్టిల్డ్ వాటర్‌తో గబగబా కడిగి, తుడిచి, ఆరబెట్టు. ఇక్కడ కరెంటు కోతలతో మన నీళ్ళ యంత్రం పడుకుంది, నువ్వే ఎక్కడైనా చూసుకో. ఇంకో మాట. రెండు మూటలవీ ఒకేలా కడగాలి. బోరువాటికి మట్టి పట్టలేదు కదా అని వదిలేశావంటే నేను ఒప్పుకోను. అల్యూమినియం రెండింట్లోనూ ఒక్క మట్టానికి రావాలి. అప్పుడు ఇనుము ఎంతుంటే అంత. తగ్గినా సరే, అదే రాస్తాం.”

తగ్గినా సరే. అదే రాస్తాం.

డిస్టిల్డ్ వాటర్ అనగానే నాయిన ముఖంలో కళ వచ్చింది. “బ్యాటరీ నీళ్ళే గదా!” కరెంటు కోతల రోజులు కావడంతో ఇంటింటా ఇన్వర్టర్ ఉండేది, దాని బ్యాటరీలో పోసేది ఆ నీళ్ళే. ఎల్బీనగర్‌లో బ్యాటరీ దుకాణం బంద్‌కు షట్టర్ సగం దించి ఉందట. నాయిన దాని కింద వంగి, దూరి, స్కూటర్‌కు అటూ ఇటూ క్యాన్లు వేలాడదీసుకుని వచ్చాడు. శిబిరంలో వాళ్ళు, ఇన్ని నీళ్ళెందుకన్నా అని అడిగితే, ఇన్వర్టర్ ఖరాబైంది అన్నాడట. మా నాయిన అబద్ధం ఆడటం నాకు తెలిసి అదొక్కసారే.

మట్టి గింజ మీద కంటే, మొలక వచ్చే చోట ఉండే తెల్లమచ్చ చుట్టూ ఎక్కువ పట్టుకుని ఉంది. చేత్తో రుద్దితే పోలేదు. అప్పుడు మా పై వాటాలో అద్దెకుండే ఆంటీ కిందికి దిగింది. గుంటూరు వైపువాళ్ళు. అంకుల్ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతాడు. సమ్మె మొదలైన దగ్గర్నుంచి ఆవిడ మాతో కొంచెం బిగుసుకుని ఉండేది, మేమూ అంతే. మేము బేసిన్ల ముందు కూర్చుని గింజ గింజకూ గోరు పెట్టి గీకుతుంటే మెట్ల మీద నిలబడి చూసి చూసి ఇక ఆగలేకపోయింది.

“ఏమిటి వదినగారూ, గుగ్గిళ్ళకు తలంట్లు పోస్తున్నారా?”

అమ్మ చెప్పింది. ఎలా చెప్పిందో గానీ, ఆంటీ పకపకా నవ్వి పైకి వెళ్ళి కొత్త టూత్‌బ్రష్‌ల కట్ట తెచ్చింది. “మెత్తవి. మావారి చిగుళ్ళ కోసం కొన్నాను. ఆయనకంటే వీటికే అవసరం” అని చీర కుచ్చిళ్ళు దోపుకుని కూర్చుంది. డాబా మీద దుప్పట్లు పరిచి రెండురోజులు అదే పని. ముంచడం, బ్రష్‌తో ఒక రుద్దు, ఇంకో బేసిన్‌లో ఒక ముంచు, తెల్లగుడ్డ మీద అద్దడం, ఆరబెట్టడం. ఎటు నుంచో ఊరేగింపు నినాదాలు వినబడేవి. నాయిన పెదవులు కదిపి నినాదానికి బదులిస్తూనే బొబ్బర్ల పళ్ళు తోమేవాడు.

చెల్కవి అయ్యాక అమ్మ నడుం పట్టుకుని లేవబోయింది. నేను బోరు మూట ముందు పెట్టాను.

“దీనికి మట్టే లేదు గదనే.”

“అయినా సరే. అట్లనే కడగాలె. అంతే మెల్లగ, అన్నిసార్లు.”

అమ్మ ఆ బొద్దు గింజల వైపు, సవతి పిల్లలకు తలదువ్వమన్నట్టు చూసింది. ఆంటీ మాత్రం కిలకిలా నవ్వి “రండి వదినగారూ, వీళ్ళూ మీ పిల్లలే” అంది. అమ్మ నవ్వలేదు గానీ కూర్చుంది. ఒక్క గింజ కూడా తక్కువ రుద్దలేదు. నేను పక్కనే కూర్చుని చూశాను కాబట్టి చెబుతున్నాను.

మళ్ళీ స్కూటర్, మళ్ళీ నగరం ఆ చివర. ఈసారి గింజలు పొడి చేసిందీ, పరీక్షకు పెట్టిందీ మేడమ్ పక్కన నిలబడి చూస్తుండగానే. జనరేటర్ చప్పుడులో యంత్రం తన పని తాను చేసుకుంటూ పోయింది. ఇద్దరం ముందు అల్యూమినియమే చూశాం. బోరువాటిలో ఎంతుందో చెల్కవాటిలోనూ అంతే ఉంది. మట్టి పోయింది. మా అమ్మ, మా నాయిన, గుంటూరు ఆంటీ కలిసి ఆ మట్టిని అణువు మిగలకుండా కడిగేశారు.

తర్వాత ఇనుము. నేను చూడలేక తల తిప్పుకున్నాను.

“చూడమ్మా” అంది మేడమ్.

రెట్టింపు లేదు. అప్పుడు ఎక్కువగా కనబడిన దాంట్లో మూడొంతులు మట్టే, పోయింది. కానీ సమానం కూడా కాలేదు. చెల్క గింజలో ఇనుము బోరు గింజ కంటే ఎక్కువే ఉంది. మళ్ళీ చేశాం, మళ్ళీ ఎక్కువే. కొత్త పొడితో ఇంకోసారి చేశాం, అప్పుడూ అంతే. మాంసకృత్తులైతే ఇంకా స్పష్టంగా ఎక్కువ. వాన మొహం చాటేసినప్పుడు ఆ మొక్క గింజలో పిండిని కావలసినంత నింపలేకపోయింది, ఉన్న మాంసకృత్తులే చిన్న గింజలో చిక్కగా మిగిలాయి. గింజ చిన్నది కాబట్టి దాని ఒంటికి తోలు భాగం ఎక్కువ, ఆ తోలులోనూ ఇనుము బాగానే ఉంటుంది. బోరు గింజ నీళ్ళు తాగి పిండితో బలిసింది. గుప్పెడుకు గుప్పెడు తూస్తే చెల్కదే పైచేయి.

నాకు ఎగరాలనిపించింది. ల్యాబులో ఎగరకూడదు. అయినా ఎగిరాను.

“నీ నేల గెలిచిందమ్మా” అంది మేడమ్. “మట్టి కడిగేశాక కూడా గెలిచింది. ఇప్పుడు ఎవరొచ్చి అడిగినా నేను నీ పక్కన నిలబడతాను.” అంతలోనే పెన్ను తీసింది. “ఎకరానికి లెక్క వేస్తే బోరు మడి పంటే ఎక్కువమంది కడుపు నింపుతుంది. అది కూడా రాయాలి. చెల్క తోలులో వగరు ఎక్కువ, అది ఇనుమును ఒంటికి అంత తేలిగ్గా పట్టనివ్వదు, నానబెట్టి నిమ్మకాయ పిండుకుంటే మేలు. అదీ రాయి.”

అన్నీ రాస్తానన్నాను. ఆ క్షణంలో ఆమె ఏం రాయమన్నా రాసేదాన్ని.

ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ ఎత్తింది. చెప్పాను. “మరి నేను చెప్పలేదా” అంటుందనుకున్నాను. అనలేదు. “కడిగినంక గూడనా?” అంది. “కడిగినంక గూడ” అన్నాను. ఫోన్ పక్కన పెట్టేసి అమ్మ బిగ్గరగా ఏడ్వడం వినబడింది. సంతోషంతో మా అమ్మ అలా ఏడ్వడం నేను అంతకు ముందు వినలేదు.

ఆ ఆదివారం ఎల్బీనగర్ రోడ్డు మీద వంటావార్పు. బస్సులు తిరగాల్సిన రోడ్డు నడిమధ్య రాళ్ళపొయ్యిలు పెట్టి, వండి, అక్కడే కూర్చుని తినడం ఉద్యమంలో ఒక పద్ధతి. ఒక్కో కాలనీ నుంచి ఒక్కో వంట. మా వంతు గుడాలు. అమ్మ రెండు మూటల్లోనూ నా పరీక్షలకు అవసరమైనంత సీసాల్లో పోసి, మూతలు బిగించి, మిగిలిందంతా తీసింది. రెండు మూటలవీ. “బోరువి గూడనా?” అన్నాను. నన్ను పట్టించుకోలేదు. పెద్ద గంజులో ముందు చెల్క గింజలు వేసింది, అవి ఉడకడానికి తడవు పడుతుంది కాబట్టి. సగం ఉడికాక బోరువి పోసింది. మా ఇంట్లో అవి రెండూ ఒకే గంజులో ఉడకడం అదే మొదలు.

నాయిన మైకు దగ్గరికి వెళ్ళాడు. నేను వద్దన్నాను, నేనే చెబుతానన్నాను. “మాట నేనిచ్చిన బిడ్డా, నేనే చెప్త” అన్నాడు. ఖాకీ చొక్కా వేసుకుని వచ్చాడు ఆ రోజు. మైకు రెండు చేతులా పట్టుకున్నాడు.

“మొన్న నేను డబల్ అన్న. డబల్ గాదు. మా ఇంటామె పురుగు పట్టకుండ గింజలకు ఎర్రమట్టి పెట్టింది, మిషన్ గా మట్టిని గూడ లెక్కవెట్టింది. నా బిడ్డోళ్ళ మేడమ్ పట్టుకున్నది. ఆమెది కృష్ణా జిల్లా. ఆమె పట్టుకోకుంటె మనం లోకం ముందర నవ్వులపాలయ్యెటోళ్ళం.”

జనం గుసగుసలాడారు. ముందు వరుసలో ఎవరో నవ్వారు. అమ్మ గరిటె పట్టుకుని తల దించుకుంది. నాయిన ఆగాడు, నీళ్ళు తాగాడు.

“మల్ల కడిగినం. పైనింటి గుంటూరమ్మ గూడ కూసొని కడిగింది. రెండు మూటలు ఒక్క తీర్గ కడిగినం. కడిగినంక సూస్తె గూడ మన చెల్కల పండినయే ఎక్కువున్నయ్. జరంతే. కని గది నిజం ఎక్కువ. గిప్పుడు ఎవ్వడొచ్చి ఎన్నిసార్లు కడిగినా పోదు.”

మొదట ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తర్వాత నాయిన డిపో మనుషులు లేచారు. ఆ పైన రోడ్డంతా లేచింది. డబల్ అన్నరోజు చప్పట్లు నేను వినలేదు, కానీ ఇంతకంటే గట్టిగా మోగి ఉంటాయంటే నమ్మను. ఒకాయన “కడిగినా పోదు” అని అరిచాడు, అది అక్కడికక్కడే నినాదమైపోయింది. మా ఆంటీ రోడ్డు అవతల, కొంగు భుజం చుట్టూ కప్పుకుని నిలబడి ఉంది. తన ప్రస్తావన మైకులో వచ్చేసరికి బిత్తరపోయి, తర్వాత సిగ్గుపడుతూ నిమ్మకాయల సంచితో గంజు దగ్గరికి వచ్చి కోయడం మొదలుపెట్టింది. గర్వమంటే ఏమిటో ఆ రోజు నాకు తెలిసింది, గెలిచినందుకు మాత్రమే కాదు, మా నాయిన నోటి నుంచి అది విన్నందుకు.

ఆకు దొన్నెల్లో గుడాలు చేతులు మారాయి. నా దొన్నెలో చిన్నవీ పెద్దవీ కలిసి ఉన్నాయి. ఒకాయన అమ్మ దగ్గరికి వచ్చి, “అక్కా, గీండ్ల ఇనుమున్నయి ఏవి, లేనియి ఏవి?” అని ఆటపట్టించాడు. ఇంకో రోజైతే అమ్మ ఏరి మరీ చూపించేది. ఆ రోజు అతని దొన్నెలో ఇంకో గరిటె వేసింది.

“అన్నీ మనయే. ముందుగాల తిను, సల్లారుతయ్” అంది.